ఏటి ఇసుక కింద నీళ్లు దిగిపోతే గట్టు చెట్లు ఏమవుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

పెన్న, చిత్రావతి, పాపాఘ్ని, వేదవతి లాంటి వాననీటి ఏర్ల గట్ల మీద మద్దులు, కానుగలు ఎండుతున్న ఊళ్ల వాళ్లు తరచుగా వేసే ప్రశ్నలివి. జవాబుల్లో అనంతపురం ప్రాంతాన్నే ముందు పెట్టుకున్నాం. చెట్లనూ నీటిమట్టాన్నీ ఏళ్ల తరబడి పక్కపక్కన కొలిచిన చోట్లు అమెరికా నైరుతి ప్రాంతంలో, చైనాలోని తారిమ్ నది దగ్గర ఉన్నాయి కాబట్టి అంకెలు అవసరమైన చోట వాటిని తెచ్చుకున్నాం.

ఏట్లో నీళ్లే పారనప్పుడు గట్టు చెట్లు దేని మీద బతుకుతాయి?

ఇసుక కింద ఉన్న నీటి మీద. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏరు కనిపించేలా పారేది కొద్ది రోజులే. కానీ ఆ కొద్ది రోజుల్లో ఇసుక పట్టుకున్న నీళ్లు, చుట్టుపక్కల పొలాల కింద నుంచి మెల్లగా ఏటి వైపు జారే ఊట, ఈ రెండూ కలిసి మిగతా ఏడాది గడిపిస్తాయి. ఎండాకాలంలో మోకాలి లోతు చెలమ తీస్తే నీళ్లూరిన రోజుల్లో మద్దిచెట్టు వేళ్లు కూడా ఆ నీళ్లలోనే ఉండేవి.

వేళ్లు నేరుగా నీళ్లలో మునిగి ఉండక్కర్లేదు. నీటిమట్టం పైన తడి కొంత ఎత్తుకు ఎగబాకుతుంది. ముతక ఇసుకలో ఈ ఎగబాకడం కొద్ది సెంటీమీటర్లే, ఒండ్రు మట్టిలో మీటరు దాకా ఉండొచ్చు. ఒకే గట్టు మీద ఒక చెట్టు పచ్చగా ఉండి, ఇరవై అడుగుల అవతల ఇంకోటి ఎండిపోతే వయసు, తెగులు కంటే ముందు కింద మట్టి ఏదో చూడండి.

బోర్లు పొలాల్లో, నూరు మీటర్ల లోతున ఉంటాయి. వాటికీ ఏటి ఇసుకకూ ఏం సంబంధం?

అందరికంటే ఎక్కువగా రైతులు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైనదే.

ఇక్కడ కింద ఉన్నది నల్లరాయి (గ్రానైట్ జాతి). దాని పైపొర కుళ్లి, మెత్తబడి 10 నుంచి 20 మీటర్ల మందాన ఉంటుంది. ఆ కింద గట్టి రాయి, అందులో పగుళ్లు. బోరు నీళ్లు లాగేది పగుళ్ల నుంచే గానీ, పగుళ్లను నింపేది పైనున్న కుళ్లురాయి పొర. ఏటి ఇసుక ఆ పొర మీదే కూర్చుని ఉంటుంది. పగుళ్లలో ఒత్తిడి తగ్గగానే కుళ్లురాయిలో నీళ్లు కిందికి దిగుతాయి. ఏటి వైపు వచ్చే ఊట ముందు సన్నబడుతుంది, తర్వాత ఆగిపోతుంది, ఆ తర్వాత దిశ మార్చుకుని ఏటి ఇసుకలోని నీళ్లే పొలాల కిందికి జారడం మొదలవుతుంది. ఊట తీసుకునే ఏరు కాస్తా ఊట పోగొట్టుకునే ఏరవుతుంది. ఏటి ఒడ్డు ఇసుకలో తవ్విన పాత ఊటకాలువలు ఎండిపోవడం ఈ మార్పుకు మొదటి గుర్తు. చెట్ల వంతు తర్వాత వస్తుంది.

ఇంకో లెక్క కూడా చూడాలి. కేంద్ర భూగర్భజల అంచనాల్లో వాడే ప్రమాణాల ప్రకారం ఇసుక ఒండ్రు తన ఘనపరిమాణంలో 16 శాతం నీటిని వదులుతుంది. బంకపాలు ఎక్కువున్న కుళ్లురాయి వదిలేది 1.5 శాతమే. అంటే ఒక సీజన్లో ఆ నేల కింద నుంచి 30 మిల్లీమీటర్ల మందం నీళ్లు తోడితే, ఇసుకలో మట్టం 19 సెంటీమీటర్లు తగ్గుతుంది, కుళ్లురాయిలో 2 మీటర్లు తగ్గుతుంది. తోడింది అంతే, పడిపోయింది పదింతలకు పైన. రాతి నేలల్లో మట్టం అంత తొందరగా ఎందుకు పడుతుందో, ఒక మంచి వానకు అంత తొందరగా ఎందుకు లేస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

నీటిమట్టం ఎంత లోతుకు పోతే చెట్లు చస్తాయి?

ఒకే అంకె కావాలని అందరికీ ఉంటుంది, కానీ లోతు ఒక్కటే చెబితే తప్పుదారి పట్టించినట్టే. మూడింటిని కలిపి చూడాలి: ఎండాకాలంలో అట్టడుగు లోతు ఎంత, ఏడాదికీ ఏడాదికీ ఆ లోతు ఎంత ఊగుతోంది, పడుతున్నప్పుడు ఎంత వేగంగా పడుతోంది.

మెక్సికోలోని సొనోరాలో పుట్టి ఉత్తరంగా అరిజోనాలోకి పారే శాన్ పెద్రో నది గట్ల మీద 2005లో వచ్చిన అధ్యయనం ఇలా తేల్చింది: అక్కడి కాటన్‌వుడ్ (పాప్లర్ జాతి), విల్లో (మన ఏటిపాల జాతి) చెట్లే అడవిలో పైచేయిగా ఉండాలంటే సగటు గరిష్ఠ లోతు 2.6 మీటర్ల లోపు, ఏడాదికేడాది ఊగులాట అర మీటరు లోపు, ఏట్లో పైకి కనిపించే నీళ్లు 76 శాతం కంటే ఎక్కువ కాలం ఉండాలి. అవి తప్పిన చోట బయటి దేశాల నుంచి వచ్చిన టామరిస్క్ పొదలు పైచేయి అయ్యాయి.

మన ఏర్లకు ఇంకా దగ్గరగా ఉన్నది తూర్పు కొలరాడోలోని ఒక ఇసుక ఏరు. అదీ అప్పుడప్పుడే పారేది. ఏటి నడుమ ఇసుక తవ్వకంతో నీటిమట్టం 1 మీటరు, అంతకు మించి పడిపోయి అలాగే ఉండిపోయిన చోట కాటన్‌వుడ్ చెట్ల ఆకులు, కొమ్మలు మూడు వారాల్లో ఎండడం మొదలైంది. మూడేళ్లలో 88 శాతం చెట్లు చచ్చాయి. 1 మీటరు. బోరు మనిషి లెక్కలో అసలు లెక్కలోకి రాని తేడా అది.

తారిమ్ దిగువన పెరిగే ఎడారి పాప్లర్ దీనికంటే ఓర్చుకుంటుంది, 4 మీటర్ల లోతు దాకా బాగానే ఉంటుంది. ఈ అంకెలను తెచ్చి ఏరుమద్దికి అతికించకండి. జాతి వేరు, మట్టి వేరు. అతికించుకోవాల్సింది పద్ధతిని: మీ గట్టు మీది చెట్టు ఇప్పటిదాకా ఏ లోతుకు అలవాటు పడిందో, దాని నుంచి ఎంత తప్పిందో కొలవాలి.

వేళ్లు నీళ్లను వెంబడించి ఇంకా కిందికి పోవా?

పోతాయి, కానీ వాటి వేగం వాటిది. కాటన్‌వుడ్ మొలకల మీద చేసిన పనిలో తేలిన హద్దు రోజుకు సుమారు 2.5 సెంటీమీటర్లు: నీటిమట్టం అంతకంటే వేగంగా దిగితే మొలక వేరు అందుకోలేదు. పెద్ద చెట్టు పరిస్థితి ఇంకా ఇబ్బంది. ముప్పై నలభై ఏళ్లు 2 మీటర్లలో నీళ్లు దొరికిన చెట్టు తన వేళ్లన్నీ ఆ మట్టం దగ్గరే పరుచుకుంటుంది. కిందికి వేళ్లు దించాల్సిన అవసరం దానికి ఎన్నడూ రాలేదు. మట్టం ఒక్క వేసవిలో 2 మీటర్లు దిగితే కొత్త వేళ్లు పెట్టడానికి కావలసిన బలమూ తేమా ఆ చెట్టుకు ఉండవు.

లోపల జరిగేది ఇది: వేరు నుంచి ఆకు దాకా నీళ్లు దారంలా ఒకే లాగుడు మీద ఉంటాయి. మట్టిలో తేమ తగ్గితే లాగుడు పెరుగుతుంది, ఒక హద్దు దాటాక నీటిదారం తెగి ఆ గొట్టంలో గాలి చేరుతుంది. గాలి చేరిన గొట్టం మళ్లీ పనికిరావడం కష్టం. ఏటి గట్టు చెట్లలో ఈ హద్దు తక్కువ. ఎప్పుడూ తడికి అలవాటు పడ్డ జాతులు కదా.

అరిజోనాలో ఒక గని గోతిలో మెస్కీట్ చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది. అదే అరిజోనాలో టూసాన్ దగ్గర శాంతా క్రూజ్ నది ఒడ్డున ఉన్న పెద్ద మెస్కీట్ అడవి, ఇరవయ్యో శతాబ్దంలో పంపుల వల్ల నీటిమట్టం పడిపోయాక ఎండిపోయింది. వేరు పోగలిగే లోతు ఒకటి, పోవడానికి నీళ్లు ఇచ్చే గడువు ఇంకొకటి.

మొదట ఏ మొక్కల్లో తెలుస్తుంది?

తుంగ, జమ్ము ముందు పోతాయి. వీటికి నీళ్లు జానెడు, మూరెడు లోతులోనే ఉండాలి. రెల్లు ఇంకొంత ఓర్చుకుంటుంది. తర్వాత ఏటిపాల. ఆ తర్వాతే ఏరుమద్ది, నేరేడు. ఈత, కానుగ చివరి దాకా నిలబడతాయి కాబట్టి కానుగ పచ్చగా ఉందని ధీమా పడొద్దు.

ఒకే చెట్టులో చూడాల్సినవి: ఆకు పరిమాణం పోయినేటి కంటే చిన్నదవడం, రాలే కాలం కంటే ముందే పసుపెక్కడం, తల కొమ్మలు ఎండి మొదలు నుంచీ మోటు కొమ్మల నుంచీ గుబురుగా చిగుళ్లు రావడం. ఈ చివరిదాన్ని చూసి 'చెట్టు తేరుకుంటోంది' అనుకుంటారు. తల దాకా నీళ్లు ఎక్కించలేక చెట్టు కురచవుతోందని దాని అర్థం. కొలరాడో చెట్లలో బతికున్న తలకట్టు తగ్గడమే మరుసటి ఏటి చావును ముందుగా చెప్పింది. కాబట్టి ఏటా ఒకే నెలలో, ఒకే చోట నిలబడి, అవే 20 చెట్ల తలకట్టు ఎంత శాతం బతికుందో రాసిపెట్టండి. ఫొటోతో సహా.

పిల్లచెట్లు లేకపోవడం అన్నిటికంటే పెద్ద గుర్తు, కానీ ఎవరి కంటికీ ఆనదు. గట్టు నిండా పెద్ద మద్దులే ఉండి, బొటనవేలి లావు మొక్క ఒక్కటీ లేకపోతే ఆ తోపు ఇప్పటికే ఆగిపోయినట్టు.

నీటిమట్టాన్ని మేమే కొలుచుకోవచ్చా?

కొలుచుకోవాలి. కేంద్ర భూగర్భజల బోర్డు పరిశీలన బావుల్లో చాలావాటిని ఏడాదికి నాలుగుసార్లే చూస్తారు, పైగా అవి మీ ఏటి గట్టున ఉండవు. అనంతపురంతో కలిపి ఏడు కరవు జిల్లాల్లో నడిచిన రైతు యాజమాన్య భూగర్భజల పథకంలో రైతులే పదిహేను రోజులకొకసారి బావుల మట్టం కొలిచి గోడల మీద రాశారు. కష్టమైన పనేం కాదు.

గట్టుకు అడ్డంగా ఒకే వరసలో మూడు గొట్టాలు కావాలి: ఏటి అంచుకు 10 మీటర్లలో ఒకటి, 50 మీటర్లలో ఒకటి, 150 మీటర్లలో ఒకటి. మూడు ఎందుకంటే, మట్టం ఏటి వైపు వాలిందా పొలం వైపు వాలిందా అన్నది ఒక్క గొట్టంతో తెలియదు.

నాలుగు అంగుళాల చేతి ఆగర్‌తో (చేత్తో తిప్పి నేల తొలిచే బరమా), మే నెల మట్టానికి ఇంకో మీటరున్నర కిందికి రంధ్రం తీయండి. రెండంగుళాల పీవీసీ పైపు తీసుకుని అడుగు మీటరులో హాక్సా బ్లేడుతో, రెండు అంగుళాలకొకటి చొప్పున అడ్డగాట్లు పెట్టి, నైలాన్ దోమతెర రెండు చుట్లు చుట్టి, కింద మూత వేయండి. దించాక గాట్లున్నంత మేర చుట్టూ ముతక ఇసుక గానీ చిన్న గులకరాళ్లు గానీ పోసి, ఆపైన తవ్విన మట్టి, పై అర మీటరులో బంకమట్టి దట్టించండి. ఈ బంకమట్టి మానేస్తే వాన నీళ్లు పైపు వెంబడే దిగి, వాన పడ్డ ప్రతిసారీ మట్టం లేచినట్టు అబద్ధం చెబుతుంది. పైపు నేల మీద అర మీటరు ఉండాలి, పైమూతకు చిన్న రంధ్రం ఉండాలి. రంధ్రం లేకపోతే లోపలి గాలి ఒత్తిడి మట్టాన్ని మారుస్తుంది.

ఎక్కువమంది దగ్గర చెడేది ఒకేచోట: నీళ్లు తగిలాక ఇసుక కూలిపోయి ఆగర్ ముందుకు పోదు. అప్పుడు నాలుగంగుళాల పైపును తాత్కాలిక కేసింగ్‌గా దించి, లోపలి ఇసుకను బెయిలర్‌తో (తాడు కట్టి దించే తోడుడు గొట్టం) తోడుకుంటూ పోవాలి. లోపల రెండంగుళాల పైపు పెట్టి, గులకరాళ్లు పోస్తూ కేసింగ్‌ను కొద్దికొద్దిగా పైకి లాగాలి. అంతా అయ్యాక బకెట్ నీళ్లు పోసి చూడండి. ఇసుక నేలలో గంటలోపు మట్టం పాత చోటికి రాకపోతే గాట్లు మూసుకున్నట్టే, తోడి శుభ్రం చేయాలి.

కొలిచేటప్పుడు పైపు అంచు మీద పెయింట్‌తో ఒక గీత పెట్టి ఎప్పుడూ అక్కడి నుంచే కొలవండి, పైపు ఎత్తు తీసేసి నేల నుంచి లోతు రాసుకోండి. స్టీలు టేపు చివర సుద్ద పూస్తే తడిసిన గీత సెంటీమీటరు దాకా సరిగ్గా కనిపిస్తుంది. తెల్లవారుజామున కొలవాలి. పక్కన మోటారు ఆడుతుంటే ఆ అంకె పక్కన 'మోటారు ఆడుతోంది' అని రాయండి, కొట్టేయకండి. మామూలుగా 15 రోజులకొకసారి, మార్చి నుంచి జూన్ దాకా వారానికొకసారి.

తెల్లవారుజామునే ఎందుకు?

పగలు చెట్లు తాగుతాయి, మట్టం దిగుతుంది. రాత్రి ఆగుతాయి, పక్కనుంచి నీళ్లు చేరి మట్టం లేస్తుంది. గంట గంటకూ కొలిస్తే ఈ అల కనిపిస్తుంది. దీంతోనే చెట్లు రోజుకు ఎంత తాగుతున్నాయో లెక్కగట్టే పద్ధతిని వైట్ అనే అమెరికన్ జలశాస్త్రవేత్త 1932లో ఇచ్చాడు.

అర్ధరాత్రి నుంచి ఉదయం 4 దాకా మట్టం గంటకు ఎంత లేస్తోందో చూసి 24తో హెచ్చించాలి. ఒక అర్ధరాత్రికీ మరుసటి అర్ధరాత్రికీ మధ్య నికరంగా ఎంత పడిందో దానికి కలపాలి. వచ్చినదాన్ని మట్టి నీటిని వదిలే నిష్పత్తితో హెచ్చించాలి. గంటకు 0.3 సెంటీమీటర్లు లేస్తే 24 గంటలకు 7.2. నికర పతనం 1 సెంటీమీటరు అనుకుంటే మొత్తం 8.2. నిష్పత్తి 0.08 అయితే దాదాపు 0.65 సెంటీమీటర్లు, అంటే రోజుకు 6.5 మిల్లీమీటర్లు.

తప్పు జరిగేది చివరి అంకెలో. రోజువారీ చిన్న అలకు మట్టి తన పూర్తి నీటిని వదలదు కాబట్టి ఇసుక అని 0.16 వేస్తే జవాబు రెండింతలవుతుంది. ఆ జవాబు పట్టుకుని 'నీళ్లన్నీ చెట్లే తాగుతున్నాయి' అనేవాళ్లు కూడా ఉన్నారు.

ఉపగ్రహ చిత్రాల్లో తెలుస్తుందా?

తెలుస్తుంది. సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగా ఉన్నాయి. పాత కాలానికి 1984 నుంచి లాండ్‌శాట్ 30 మీటర్ల చిత్రాలున్నాయి, సన్నటి గట్టుకు అవి ముతక. ఏప్రిల్, మే నెలల చిత్రాలే పోల్చండి. వానల తర్వాత గడ్డి కూడా పచ్చగానే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: మద్దులు పోయి సర్కారుతుమ్మ వచ్చిన గట్టు కూడా చిత్రంలో పచ్చగానే కనిపిస్తుంది. నేల మీదికి వెళ్లి చూడకుండా తీర్పు చెప్పొద్దు.

సర్కారుతుమ్మ కొట్టేస్తే నీటిమట్టం లేస్తుందా?

దాని మీదే ఆశ పెట్టుకుంటే నిరాశే. నీళ్లు లోతుకు దిగాకే ఆ కంప గట్టెక్కింది, లోతుకు దిగడానికి అదొక్కటే కారణం కాదు. అమెరికాలో టామరిస్క్ మీద ఇదే ఆశతో పెద్దఎత్తున నరికివేతలు జరిగాయి. ఆ పొద తాగే నీళ్లు స్థానిక చెట్లు తాగేదానికి పెద్ద తేడాగా లేవని తేలింది, అనుకున్నంత నీళ్లు మిగల్లేదు.

మద్దులకు చోటు, వెలుతురు కావాలని తీసేస్తే మంచిదే. నేల మట్టానికి నరికితే మాత్రం నాలుగింతల పిలకలు వస్తాయి. మొగ్గలున్న భాగం నేల కింద కొద్ది లోతులో ఉంటుంది, ఒక అడుగు లోతున మొదలు తెంపాలి. గట్టంతా ఒకేసారి తీయొద్దు, వరదకు గట్టు కోసుకుపోతుంది. 20 మీటర్ల ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి తీసి, తీసినచోట అదే ఏడు నాటాలి.

ఇసుక తవ్వకం ఎక్కువ నష్టమా, బోర్లు ఎక్కువ నష్టమా?

ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని దాచే వాదనలు రెండు వైపులా వింటుంటాం. తేడా ఇది: బోర్లు నీటిని దించుతాయి, తవ్వకం నీటిని పట్టుకునే పాత్రనే చిన్నది చేస్తుంది. ఏటి అడుగు 1 మీటరు దిగితే గట్టు కింద నీళ్లు ఆ కొత్త అడుగు వైపు కారిపోతాయి, వాన బాగా పడినా పాత మట్టానికి చేరవు. బోర్ల వల్ల పడ్డ మట్టం రెండు మంచి ఏళ్లలో లేవొచ్చు. పోయిన ఇసుక పైన చెరువులు, ఆనకట్టలు ఉన్న ఏట్లోకి ఎప్పుడు తిరిగొస్తుంది? అందుకే గట్టు చెట్ల వరకు తవ్వకానిదే లోతైన గాయమని మా అభిప్రాయం.

2002 నాటి వాల్టా చట్టం నీటినీ నేలనూ చెట్లనూ ఒకే చట్టం కిందికి తెచ్చింది. కొత్త బోరుకూ, చెట్టు కొట్టడానికీ అనుమతి అందులోనే ఉంది, ఇసుక తవ్వకం మీద హద్దులు దాని నిబంధనల్లో ఉన్నాయి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు 'ఇసుక ఎక్కువ తవ్వారు' అని రాస్తే ఎవరూ కదలరు. వంతెన కట్టడం మీదో గట్టి బండ మీదో గీత పెట్టి, దాని నుంచి ఏటి అడుగు ఎంత దిగిందో తేదీలతో రాయండి.

ఇసుక కింద అడ్డుగోడ కడితే చెట్లు నిలుస్తాయా?

చిన్న వంకల్లో పనిచేస్తుంది. లెక్క చూసుకుని దిగండి. వంక 40 మీటర్ల వెడల్పు, గోడ దగ్గర 2.5 మీటర్ల తడి ఇసుక, ఎగువకు 300 మీటర్లలో సున్నా అయ్యే వాలు అనుకుందాం. ఇసుక 15,000 ఘనపు మీటర్లు, అందులో 16 శాతం నీళ్లు అంటే 2,400 ఘనపు మీటర్లు. రెండు గట్ల మీద పదేసి మీటర్ల చెట్లు, రోజుకు 6 మిల్లీమీటర్లు తాగితే 36 ఘనపు మీటర్లు. రెండు నెలలు పైన వస్తాయి, అంటే వేసవి నడిమి గండం గడుస్తుంది. అదే నీటి మీద సెకనుకు 4 లీటర్లు పోసే ఒక్క మోటారు రోజుకు 9 గంటలు ఆడితే 18 రోజుల్లో ఖాళీ. గోడ కట్టకముందే ఆ మోటారు సంగతి తేల్చుకోవాలి.

కట్టడంలో: కందకం గట్టి రాయి దాకా పోవాలి, రెండు వైపులా గట్టులోకి కనీసం 2 మీటర్లు చొచ్చుకుపోవాలి. బంకమట్టిని 20 సెంటీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి, ఎగువ ముఖాన మందపు పాలిథిన్ పరిస్తే ఇంకా మంచిది. గోడ తల ఏటి అడుగుకు ముప్పావు మీటరు కిందే ఆపాలి. పైదాకా తెస్తే వరద దాన్ని తన్నుకుపోతుంది, ఎగువన గట్టు ఉరకెత్తి చెట్ల వేళ్లకు గాలి అందదు. రాయి దాకా వెళ్లకుండా ఆపిన గోడ కింద నుంచి నీళ్లు నెలలో జారుకుంటాయి, పైకి ఏ తప్పూ కనిపించదు. దిగువ తోపుకు ఎంత ఊట తగ్గుతుందో కూడా ముందే అడగాలి.

నీళ్లు తిరిగొస్తే చెట్లూ తిరిగొస్తాయా?

బతికున్నవి తేరుకుంటాయి. కొత్తవి రావడం వేరే కథ. తారిమ్ నది మీద 1972లో దాషిహైజి జలాశయం కట్టాక దిగువ 321 కిలోమీటర్లు ఎండిపోయాయి. 2000 నుంచి అక్కడికి నీళ్లు వదులుతున్నారు. ఏటి దగ్గర నీటిమట్టం లేచింది, ముసలి పాప్లర్లు చిగిర్చాయి. ఏటికి దూరం పోయేకొద్దీ ఫలితం పలచబడింది. పాత కాలువలో మాత్రమే పారిన నీళ్లు కొత్త మొలకలనూ పెద్దగా ఇవ్వలేదు. ఆ విత్తనానికి వరద తడిపిన కొత్త ఒండ్రు కావాలి, అదీ విత్తనం రాలే వారాల్లోనే.

నాటాలంటే ఏం నాటాలి, ఎలా?

మే నెల లోతు 3 మీటర్ల లోపు ఉంటే ఏరుమద్ది, నేరేడు. 3 నుంచి 6 మీటర్లయితే కానుగ, ఈత. 6 దాటితే ఏటి గట్టు చెట్లను నాటి నీళ్లు మోయడం వృథా, వేప వేసుకోండి. ఇవి మేము వాడే హద్దులు, మీ గొట్టాల అంకెలను బట్టి దిద్దుకోండి.

ఏడాది దాటిన, వేరు చుట్టుకోని మొక్కను తొలి మంచి వాన తర్వాత 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 లోతు గుంతలో పెట్టండి. పక్కనే 70 సెంటీమీటర్ల పొడవున్న, అడుగు సగంలో రంధ్రాలు చేసిన రెండంగుళాల పైపు నిలబెట్టి నీళ్లు దాంట్లోనే పోయాలి. పైన పోస్తే వేళ్లు పైనే ఉండిపోతాయి. మొదటి వేసవి వారానికి 20 లీటర్లు, రెండో వేసవి పదిహేను రోజులకు 40. మూడో వేసవి మార్చిలోనే నీళ్లు ఆపి, ఆకు వాడుతుందేమో చూడండి. తెల్లవారి కూడా వాడిపోయే ఉంటే వేరు ఇంకా అందలేదు, మే దాకా రెండుసార్లు పోయాలి. మధ్యాహ్నం వాడి, పొద్దున్నకు నిలబడితే ఇక ఆ మొక్క జోలికి పోవద్దు.